బాసరలో ఓనమాలు - ఇంట్లో వెబ్ పేజీ

మా అమ్మాయికి నాలుగో ఏట అక్షరాభ్యాసం బాసరలోనే చేయించాం. ఇప్పుడు తొమ్మిదో తరగతి. వేసవి సెలవుల్లో మా అత్తమ్మ "ఇంకొక్కసారి అమ్మవారిని చూడాలె" అంటే ముగ్గురం కరీంనగర్‌లో బస్సెక్కాం. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు దాటి నిజామాబాద్‌లో దిగి, బాసర బస్సు పట్టుకున్నాం.

ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న బాసర 2016 నుంచి నిర్మల్ జిల్లాలోకి వచ్చింది. వ్యాస మహర్షి రోజూ గోదావరి నుంచి మూడు పిడికిళ్ళ ఇసుక తెచ్చి సరస్వతి, లక్ష్మి, కాళి మూర్తులను చేశాడని స్థలపురాణం. మండపంలో పసివాళ్ళు పెద్దల ఒడిలో కూర్చుని పళ్ళెంలో పోసిన బియ్యంలో ఓనమాలు దిద్దుతుంటే ఎంత ముచ్చటేసిందో!

ఆ ఊళ్ళోనే 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ ఉంది. పల్లెటూరి పిల్లలు పదో తరగతి మార్కులతో చేరి ఆరేళ్ళు చదువుకునే చోటు. గేటు ముందు మా అమ్మాయి ఆగి, "అమ్మా, వెబ్‌సైటు చెయ్యాలంటే ఇందులో సీటు రావాలా?" అంది. ఇంటర్ చదివిన నాకేం తెలుసు? "ఇంటికెళ్ళి చూద్దాం లే" అన్నాను.

చూస్తే అది అంత బ్రహ్మవిద్యేం కాదండీ! స్కూల్లో కంప్యూటర్ సారు రాసిచ్చిన కాగితం ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. కంప్యూటర్‌లో ఉండే నోట్‌ప్యాడ్ చాలు, నెట్ కూడా అక్కర్లేదు. శీర్షికకు హెచ్1, పేరాకు పి అని ట్యాగులు పెట్టాలి. తెరిచిన ట్యాగును ఏటవాలు గీతతో మూయాలి. హెచ్1 మూయడం మరిచిపోతే పేజీ అంతా లావు అక్షరాలే! ఫైలు పేరు చివర చుక్క పెట్టి హెచ్‌టీఎంఎల్ అని చేరిస్తే బ్రౌజర్‌లో పేజీలా తెరుచుకుంటుంది.

అత్తమ్మకు చదువు రాదు. చిన్నప్పుడు ఎడ్లబండిలో బాసర వెళ్ళిన సంగతులు ఆమె చెబుతుంటే, మూడు రోజులు కూర్చుని అమ్మాయి తెలుగులో టైపు చేసింది. సేవ్ చేసి తెరిచేసరికి ఒక్క అక్షరం లేదు, అన్నీ ప్రశ్నార్థకాలే! మాది పాత కంప్యూటర్. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోకపోతే తెలుగు నిలవదట. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది.

అత్తమ్మ దగ్గరకు తీసుకుని, "పోతే పోనియ్యి బిడ్డా. బాసరల బియ్యంల చెరిపి చెరిపి దిద్దలేదా? నేను మళ్ల చెప్త, నువ్వు మళ్ల రాయి" అంది. రెండోసారి చెప్పినప్పుడు మొదట మరిచిపోయిన సంగతులు కూడా గుర్తొచ్చాయి. ఆ సాయంత్రం "బాపమ్మ బాసర ప్రయాణం" పేజీ తెర మీద కనబడితే, అమ్మాయి చదువుతుంటే, అత్తమ్మ తన మాటలు తానే విని కొంగుతో కళ్ళొత్తుకుంది.

ప్రపంచంలో మొదటి వెబ్‌సైటును 1990లో టిమ్ బెర్నర్స్-లీ జెనీవా దగ్గరి సెర్న్ అనే పరిశోధన కేంద్రంలో తయారుచేశాడు. 1993లో సెర్న్ ఆ విద్యను అందరికీ ఉచితంగా వదిలేసింది. అందుకే మనింటి పిల్లలకూ అందింది.

మీరూ సెలవుల్లో పిల్లలతో ప్రయత్నించండి. మీ ఊరి జాతరో, అమ్మమ్మ చేసే సర్వపిండో, వాళ్ళకు తెలిసిన సంగతే రాయమనండి. ముందు ఇంటి కంప్యూటర్‌లోనే ఉంచండి. తర్వాత నలుగురికీ కనబడేలా నెట్‌లో పెడితే మాత్రం పిల్లల ఫొటో, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు పెట్టనివ్వకండి.

మా అమ్మాయి ఇప్పుడు రెండో పేజీ మొదలుపెట్టింది. ఈసారి చెప్పేది నేనట. ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను!