మా బాపు ఎడమకాలు

మా బాపు పోతూ పోతూ మాకు మూడు వదిలి వెళ్ళాడు. (బొమ్మల బాపుగారు కాదండీ, మా నాన్న. మా నిజామాబాద్ వైపు నాన్నని బాపు అనే అంటాం.) ఒక గోడగడియారం, రెండు షోలాపూర్ దుప్పట్లు, ఒక స్టాండర్డ్ హెరాల్డ్ కారు. మొదటి రెండింటితో పేచీ లేదు. మూడోదాని గురించి మాత్రం, "తీసెయ్యి చెల్లే, పాతసామాన్లవాడికిస్తే ఇనుము ధరన్నా వస్తది" అని హైదరాబాదు నుంచి మా అన్న నెలకోసారి ఫోను.

ఆ కారు సంగతి కాస్త చెప్పాలి. 1966 నాటిది, రెండు తలుపులది. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డుగా పుట్టి, 1961 నుంచి మన మద్రాసులో స్టాండర్డ్ వాళ్ళ చేత తయారైంది. రూపం దిద్దింది మికెలొట్టి అనే ఇటలీ ఆయన. దీని చాసీనే కాస్త కుదించి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్సు కారు కట్టారు ట్రయంఫ్ వాళ్ళు. ఆ చుట్టరికం పట్టుకుని మా బాపు దీన్ని కారనేవాడు కాదు, "స్పోర్ట్సు" అనేవాడు. 948 సీసీ ఇంజనుకి స్పోర్ట్సేమిటని ఎవరైనా అంటే ఆ పూట అన్నం సహించేది కాదాయనకి. అంబాసిడర్లకీ ఫియట్లకీ గేరు స్టీరింగు పక్కన వేలాడే రోజుల్లో దీనికి నేలమీద పొట్టి గేరుకర్ర. బానెట్టు మడ్‌గార్డులతో సహా ముందుకి వాలిపోయేది. టైరుమీద కూర్చుని రిపేరు చేసుకోవచ్చు. శక్కర్‌నగర్ కాలనీ పిల్లలం, అది తెరిచినప్పుడల్లా సర్కస్ వచ్చినట్టు చుట్టూ చేరేవాళ్ళం.

బాపు బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ కెమిస్టు. గానుగ సీజన్ వస్తే బోధన్ రోడ్డు మొత్తం చెరుకుబళ్ళే. ఎడ్లబళ్ళు, ట్రాక్టర్లు, వాటి వెనక మా స్పోర్ట్సు. రెండడుగులు జరగడం, ఆగడం. అలా సగం క్లచ్ తొక్కి నడిపీ నడిపీ, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఆయన ఎడమకాలు పెడల్ మీదే ఉండేది. మా అమ్మ పక్కసీట్లోంచి, "గా కాలు తియ్యుండ్రి" అనేది. ఆయన తీసేవాడు. ఫర్లాంగు దాటేసరికి కాలు మళ్ళీ అక్కడే. ఆ మాట లేకుండా మేం నిజామాబాద్ చేరిన ప్రయాణం నాకు గుర్తులేదు.

ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. చెరుకుబళ్ళ బారులూ పోయాయి. ఇప్పుడా రోడ్డుమీద ఎక్కువగా వరి ట్రాక్టర్లు.

మొన్న మాఘమాసంలో బోధన్‌లో పెళ్ళికి వెళ్ళి, అమ్మని వెనక కూర్చోబెట్టుకుని తిరిగొస్తున్నాను. ఎడపల్లి దగ్గర వరిగడ్డి ట్రాక్టరు వెనక ఆగి, మొదటి గేరు వేద్దామంటే కరకరమంది. పెడల్ నేలకంటింది. పైకి రావడానికి తీరుబడిగా ఆలోచించుకుంది. రెండుమూడుసార్లు గబగబా తొక్కితే గేరు పడింది. అరమైలు పోయాక ఎన్నిసార్లు తొక్కినా పడలేదు.

నవ్వకండి, నవలల్లో నాయికలని చాలామందిని నడిరోడ్డుమీద వదిలేశాను గానీ, నేనెప్పుడూ అలా నిలబడలేదు. బాపు ఒకసారి చేసింది గుర్తొచ్చింది. ఇంజను ఆపి, మొదటి గేరులో పెట్టి, అలాగే స్టార్టరు లాగాను. బండి గుర్రప్పిల్లలా రెండు గెంతులు గెంతి కదిలింది. ఆగాల్సిన చోటల్లా ఇంజను ఆపెయ్యడం, మళ్ళీ గెంతడం. జానకంపేట దాటి ఇల్లు చేరేసరికి అమ్మ మెడ పట్టేసింది. ఒక్క మాటనలేదు పాపం.

మర్నాడు వీధి చివర షెడ్డులోంచి కుర్రవాడొకడు వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "క్లచ్ ప్లేటు పోయిందక్కా. గేరుబాక్సు దించాలె. ప్లేటు దొరకదు" అని మూడు ముక్కల్లో తేల్చేశాడు. ఆ సంగతి ఫోన్లో చెప్పగానే అన్న, "పోకేమయితది? బాపు జన్మంతా కాలు దానిమీదనే పెట్టె. గా కాలే తినేసింది ప్లేటును. ఇగ అమ్మెయ్యి" అన్నాడు. స్పీకరు పెట్టడం నా తప్పు. అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. ఆ మాట విని చాట పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నలభయ్యేళ్ళు తాను అన్న మాటే అది. కానీ ఇంకొకరు అంటే, అదీ మనిషి లేనప్పుడు అంటే, వేరుగా ఉంటుందనుకుంటాను.

అందుకని, పాతసామాన్లవాడికి కబురు పెట్టేముందు బాపు కాలంనాటి ముసలి ఉస్తాదుని వెతికి పట్టుకొచ్చాను. కళ్ళజోడుకి దారం కట్టుకున్నాడు.

ఆయన వచ్చేలోపల బాపు పెట్టెలోని పుస్తకం తీసి చదివాను. బి.ఏ.లో షేక్స్‌పియర్ కంటే సులభంగానే ఉంది. ఇంజనుతో పాటు తిరిగే ఇనప చక్రం ఒకటి, స్ప్రింగులతో అదిమే పళ్ళెం ఒకటి, రెంటి మధ్యా ఇరుక్కుని తిరిగే ప్లేటు. పెడల్ తొక్కితే పళ్ళెం పట్టు వదులుతుంది, ఇసుర్రాయి పైరాయిని కాస్త ఎత్తి పట్టినట్టన్నమాట. జబ్బులు ముఖ్యంగా రెండు. పట్టాల్సినప్పుడు పట్టకపోతే ఇంజను గొంతు చించుకుంటుంది గానీ బండి ఊపందుకోదు, కమురు వాసనొస్తుంది. వదలాల్సినప్పుడు వదలకపోతే గేరు కరకరమంటుంది.

ఉస్తాద్ నేను చెప్పిందంతా విని, "క్లచ్ లేకుండ ఎడపల్లి నుంచి తెచ్చినవా బేటీ?" అని అడిగాడు.

"అవును చాచా."

"ప్లేటు అరిగిపోతే గేరుల పెట్టి స్టార్టు చేసినప్పుడు బండి ఎట్ల గుంజుతది? ప్లేటు పట్టు గట్టిగున్నది. మీ బాపు కాలు ఏం ఖరాబ్ చెయ్యలే."

అమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు.

"మరి గేరుబాక్సు దించాలని..."

"దీనిది కిందికి దిగదు. సీట్లు తీసి, నడుమ డబ్బా విప్పి, లోపల్నుంచే ఎత్తాలె. వానికి గదే తెల్వదు, ఇగ ప్లేటు సంగతేం తెలుస్తది?" అని పెడల్ తొక్కమన్నాడు నన్ను. తను గేరుబాక్సు పక్కనున్న చిన్న సిలిండరు వైపు టార్చి వేసి చూశాడు. నేను తొక్కితే దాని కడ్డీ సుమారు అరంగుళం జరగాలిట. అది ఉలకలేదు, పలకలేదు. కాలు నొక్కిన బలం దారిలోనే ఎక్కడో ఆవిరైపోతోంది.

ఆ తరువాత బానెట్టు వాల్చి, డ్రైవరు ముందర పక్కపక్కనే ఉన్న రెండు చిన్న డబ్బాల్లో క్లచ్ డబ్బా మూత తీసి వాసన చూశాడు. గ్లాసుతో నీళ్ళడిగాడు. తాగడానికేమో అనుకుని చల్లటివి తెచ్చాను. డబ్బాలోంచి నాలుగు చుక్కలు అందులో వేశాడు. చుక్కలు నీళ్ళమీద మెరుస్తూ తేలాయి, చారుమీద తాలింపులా.

"బ్రేక్ ఆయిల్ అయితే నీళ్ళల్ల కలుస్తది. ఇది ఇంజన్ ఆయిల్. ఎవరు పోసిండ్రు?"

ఎవరు పోస్తారు, నేనే. పెళ్ళికి పదిహేను రోజుల ముందు ఆ డబ్బా సగానికి దిగిందని, గుడ్డతో తుడిచి మరీ, షెడ్డులో బాపు డబ్బాలోంచి నింపాను. అందరూ దాన్ని బ్రేక్ ఆయిల్, బ్రేక్ ఆయిల్ అంటారు కదా, ఆయిలంటే ఆయిలే అనుకున్నాను. పేరుకే ఆయిలట అది. అసలు నూనె తగిలితే లోపలి రబ్బరు కప్పులు నానబెట్టిన శెనగల్లా ఉబ్బి, మెత్తబడి, ఒత్తిడి ఆపలేవట.

ఉస్తాద్ రెండో డబ్బామీద వేలు పెట్టాడు. గొంతు తగ్గించాడు. "బేటీ, దీన్ల గూడ పోసినవా?"

అది బ్రేకులది.

నాకు వెంటనే గుర్తురాలేదు. ఆ గుర్తురాని క్షణంలో ఎడపల్లి ట్రాక్టరు, దాని వెనక గడ్డిమోపులు, వెనకసీట్లో మెడ పట్టుకుని కూర్చున్న అమ్మ, అన్నీ కళ్ళముందు తిరిగాయి. లేదు, పొయ్యలేదు. అది నిండుగానే ఉందని మూత పెట్టేశాను. ఉస్తాద్ నా మాట నమ్మలేదు. ఇంకో గ్లాసు నీళ్ళు తెప్పించి అందులోంచీ నాలుగు చుక్కలు వేశాడు. అవి మాయమై కలిసిపోయాక గానీ ఆయన కూర్చోలేదు, నేనూ కూర్చోలేదు.

కప్పులు ఎక్కడా దొరకవన్న అన్న జోస్యమూ ఫలించలేదు. ఉస్తాద్ మనవడు పాత కప్పులు కొలత కోసం పొట్లం కట్టుకుపోయి సికింద్రాబాదు నుంచి సరిపోయేవి తెచ్చాడు. నూనె తగిలిన రబ్బరు గొట్టం మార్చారు, సిలిండర్లూ ఇనప పైపూ స్పిరిటుతో కడిగారు. చివర గాలి తీసే కార్యక్రమానికి నన్ను పెడల్ మీద కూర్చోబెట్టారు. "దబావ్... పకడ్... ఛోడ్" అని కిందినుంచి ఆజ్ఞలు. సీసాలోకి గొట్టంలోంచి బుడగలు వచ్చి, వచ్చి, ఆగిపోయాయి. అప్పుడు పెడల్ గట్టిగా నా కాలికి ఎదురు చెప్పింది. ఇంత ఆనందం నాకు మొదటి నవల అచ్చయినప్పుడు కలిగిందా అంటే, ఏమో, చెప్పలేను.

ఆ రాత్రి అన్నకి ఫోను చేసి నేరం ఒప్పుకున్నాను. వాడు చాలాసేపు నవ్వాడు. ఆఖర్న, "అమ్మకు ఇయ్యి ఫోను" అన్నాడు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, ఈసారి స్పీకరు పెట్టలేదు.

పోయిన ఆదివారం అమ్మని తీసుకుని మళ్ళీ బోధన్ బయల్దేరాను. ఈసారి ముందు సీట్లోనే కూర్చుంటానంది. జానకంపేట దాటాక రోడ్డు ఖాళీ, గాలి బాగుంది, గేరు వెన్నలా పడుతోంది. అమ్మ కాసేపు కిటికీలోంచి పొలాలు చూసింది, తరువాత కిందికి నా కాళ్ళవైపు చూసింది.

"గా కాలు తియ్యి బిడ్డా" అంది.

చూసుకుంటే పెడల్ మీదే ఉంది. తీశాను.