నక్షాలో మా చౌక్

మా ఊరి చౌక్‌లో అబ్బాకు గడియారాలు బాగుచేసే దుకాణం ఉంది. ఎనిమిది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల లోతు. దాదా కాలం నుంచీ కిరాయికే. ఆ దుకాణం కిరాయి కట్టి, మా ముగ్గురినీ చదివించి, ఇద్దరి నికా చేశారు అబ్బా.

పోయిన ఏడాది ఒక రోజు మగ్రిబ్ నమాజ్ అయ్యాక అబ్బా ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. "బేటీ, ఇందులో ఏం రాశారో చదివి చెప్పు" అన్నారు. అబ్బాకు ఉర్దూ బాగా వచ్చు. తెలుగు మాట్లాడతారు, బోర్డులు చదువుతారు. ఆఫీసు తెలుగు మాత్రం ఆయనకే కాదు, నాకూ కష్టమే.

అది మున్సిపాలిటీ నోటీసు. ఊరి నడిబొడ్డుకు కొత్త ప్లాన్ తయారైంది. చౌక్ రోడ్డు రెండువైపులా పదేసి అడుగులు వెడల్పు చేస్తారట. అబ్బా వేళ్ల మీద లెక్క వేసుకున్నారు. పన్నెండులో పది పోతే రెండు. ఆయన స్టూలు కూడా పట్టదు.

"ఖరారు అయిపోయిందా?" అన్నారు.

"లేదబ్బా, ముసాయిదా అని ఉంది."

"ముసవ్విదానా? అయితే ఇంకా దిద్దుకోవచ్చు" అన్నారు, ఊపిరి తీసుకుని. అప్పటిదాకా ముసాయిదా అనేది మన మాటే అని నాకు తట్టనే లేదు. ముసవ్విదా అంటే చిత్తుప్రతి. దిద్దడానికే రాసేది. అందుకే ముసాయిదా ప్లాన్ మీద జనం ఐతరాజ్‌లు, సలహాలు చెప్పుకోవడానికి గడువు ఇస్తారు. మా గడువులో సగం రోజులు అప్పటికే అయిపోయాయి. నోటీసు ఆఫీసు గోడ మీద ఉంది. ఆ గోడ దగ్గరికి మావాళ్లెవరు పోతారు?

షాదీఖానాలో దుకాణదారుల మీటింగ్ పెట్టారు. నేను చదివి చెప్పాలి కాబట్టి నన్నూ తీసుకెళ్లారు. అక్కడ ఎక్కువ సేపు టీడీఆర్ బాండ్ గురించే మాట్లాడారు. రోడ్డుకు జాగా ఇచ్చిన మాలిక్‌కు డబ్బుకు బదులు ఆ బాండ్ ఇస్తారు. దాన్ని ఇంకోచోట అదనంగా కట్టుకోవడానికి వాడుకోవచ్చు, లేదా అమ్ముకోవచ్చు. అబ్బా లేచి, "కిరాయిదార్‌కు ఏమొస్తుంది భాయ్?" అని అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు. మమ్మల్ని మున్సిపాలిటీ అడగలేదని గొంతు చించుకున్న వాళ్లే, వాళ్ల కిరాయిదార్లను అడగలేదు.

ఆ రాత్రి నేనే దరఖాస్తు రాశాను. మాలిక్‌ల మాట, కిరాయిదార్ల మాట రెండూ పెట్టాను. నలభై మూడు దస్తఖత్‌లు వచ్చాయి. గొప్ప పని చేశానని అమ్మీకి చదివి వినిపించాను. అమ్మీ అంతా విని, "ఇందులో ఔరతులు ఎవరూ లేరా?" అంది.

"దుకాణాలు వాళ్లవి కాదు కదమ్మీ."

"బజారు కూడా మాది కాదా? పెళ్లి బట్టలకు చౌక్‌కు పోయే రోజు నేను పొద్దుట్నుంచి నీళ్లు తాగను. నువ్వు తాగుతావా?"

నేనూ తాగను. చౌక్‌లో ఆడవాళ్లకు ఒక్క టాయిలెట్ లేదు. మగవాళ్లకు మస్జిద్ ఉంది. నలభై ఏళ్లుగా ఈ సంగతి అబ్బాకు కూడా చెప్పలేదట. నేను చదువుకున్నదాన్ని, నేనూ చెప్పలేదు, నా దరఖాస్తులోనూ రాయలేదు.

మర్నాడు అసర్ తర్వాత మా వాకిట్లో చాప పరిచి మొహల్లా ఆడవాళ్లను పిలిచింది అమ్మీ. పదకొండు మంది వచ్చారు. మస్జిద్ వెనక గల్లీలో లైటు కావాలన్నారు. మోకాళ్ల నొప్పులవాళ్లు కూర్చోడానికి బస్సుల దగ్గర బల్ల కావాలన్నారు. నక్షాలో "ఖాళీ స్థలం, పార్కింగ్" అని రాసినచోట ప్రతి ఆదివారం సంత జరుగుతుందని, రంజాన్‌లో ఇఫ్తార్ పండ్ల బండ్లన్నీ అక్కడే నిలబడతాయని గుర్తుచేశారు. నక్షా గీసినవాళ్లు ఏ మంగళవారం మధ్యాహ్నమో వచ్చి చూసుంటారు.

చివర్లో ఒక ఖాలా అంది: "నాకైతే సడక్ వెడల్పు కావాలి బేటీ. మా ఆయనకు గుండెనొప్పి వచ్చిన రాత్రి అంబులెన్స్ చౌక్ దగ్గరే ఆగిపోయింది. మంచం మీద మోసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. మీ అబ్బా దుకాణం పోవాలని కాదు."

నా దగ్గర జవాబు లేదు. దరఖాస్తులో "రోడ్డు వెడల్పు ఎవరికీ అవసరం లేదు" అని రాసింది నేనే.

జవాబు అరటిపండ్ల బండి చాచా దగ్గర దొరికింది. ఆయన రాత్రిళ్లు బండి దగ్గరే పడుకుంటారు. "రాత్రి సరుకు లారీలు రెండు పక్కలా ఆగుతాయమ్మా. అవి ఊరి బయట గోదాముల దగ్గర దించితే, ఉన్న సడక్‌లోనే అంబులెన్స్ పోతుంది" అన్నారు. ఇది ఏ నక్షాలోనూ లేదు. ఆయన్ని ఎవరూ అడగలేదు. అసలు ఆయన బండి దుకాణానికి అడ్డమని అబ్బానే చాలాసార్లు జగడం పెట్టుకున్నారు.

చార్మినార్ చుట్టూ మోటారు బండ్లు ఆపి, రాళ్లు పరిచారు. నడిచేవాళ్లకు హాయిగానే ఉంది. కానీ అక్కడి చిరువ్యాపారుల జాగా సంగతి ఎప్పుడూ జగడమే. బండ్లవాళ్లకూ ఒక చట్టం ఉందని చాలామందికి తెలీదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి ఊరి వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లే ఎన్నుకోవాలి. ఆ 40 శాతంలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. మా చాచా ఆ కమిటీ పేరే వినలేదు.

దరఖాస్తు మళ్లీ రాశాను. లారీలు, టాయిలెట్, లైటు, సంత జాగా, కిరాయిదార్లకు ఇంకోచోట దుకాణాలు, అన్నీ. ఈసారి దస్తఖత్‌లు నూటికి పైనే. అమ్మీ ఉర్దూలో తన పేరు రాసింది. సర్కారీ కాగితం మీద అది ఆమె మొదటి దస్తఖత్. గడువు ముగిసే ముందురోజు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాం.

పూర్తిగా గెలిచామని చెప్పను. ఆడవాళ్ల టాయిలెట్ ప్లాన్‌లో చేర్చారు, ఇంకా కట్టలేదు. రోడ్డు వెడల్పు మళ్లీ చూస్తామన్నారు. అబ్బా దుకాణం ఉంటుందో పోతుందో తెలీదు. లారీల సంగతి మాత్రం వ్యాపారులే మాట్లాడుకుని మార్చుకున్నారు, దానికి ఏ ప్లానూ అక్కర్లేకపోయింది.

మీ ఊళ్లో ముసాయిదా వస్తే ఆఫీసు గోడ మీదే వదిలేయకండి. జుమా తర్వాత మస్జిద్‌లో చదివించండి. ఆడవాళ్ల కోసం వాకిట్లో ఇంకోసారి చదవండి. బండ్లవాళ్లకు వాళ్ల బండి దగ్గరే చదవండి. మష్వరా సున్నత్ అని మనం పిల్లలకు చెబుతాం. ఖురాన్‌లో ఒక సూరా పేరే షూరా. మరి మష్వరాకు ఎవరెవర్ని పిలిచామో కూడా చూసుకోవాలి కదా.

ఇప్పుడు అరటిపండ్ల చాచా బండి అబ్బా దుకాణం పక్కనే ఉంటుంది. అబ్బా స్టూలు కాస్త లోపలికి జరుపుకున్నారు.