పెట్టె వైద్యం

మా ఇంట్లో ఒక కంప్యూటరు ఉంది. ఉందనడమే గాని, అది పని చేస్తోందా లేదా అన్న విషయంలో నాకూ మావాడికీ ఏనాడూ ఏకాభిప్రాయం కుదరలేదు. పొద్దున్నే మీట నొక్కి, వాకిట్లోకి వెళ్ళి పేపరు తెచ్చుకుని, తీరిగ్గా కాఫీ తాగి వచ్చేసరికి తెర మీద బొమ్మ కనబడితే అది పని చేస్తున్నట్టేనని నా వాదం. "దాన్ని పని చెయ్యడం అనరు నాన్నా, మూలగడం అంటారు" అని వాడి వాదం.

దాన్ని 2014లో కొన్నాను. నా వ్యాసాలు నేనే టైపు చేసుకుందామన్న సదుద్దేశం తప్ప వేరే ఆలోచన లేదు. కొట్టతను నా వాలకం చూసి ఏం గ్రహించాడో గాని, "మాష్టారూ, తెలుగు అక్షరాలు ముత్యాల్లా కనబడాలంటే గ్రాఫిక్స్ కార్డు ఉండి తీరాలండీ" అన్నాడు. తెలుగు పేరెత్తితే చాలు, నేను జేబులో చెయ్యి పెడతాను. అలా జి.టి.ఎక్స్. 750 టి.ఐ. అనే కార్డు మా ఇంట అడుగు పెట్టింది. అక్షరాలకూ దానికీ ఏ చుట్టరికమూ లేదనీ, అది ఆటలకోసం పుట్టిన వస్తువనీ నాకు తెలిసేసరికి మావాడు అయిదో తరగతికి వచ్చాడు. అప్పటినుంచీ ఆ పెట్టెలో అక్షరాలు నావీ, ఆటలు వాడివీ అయిపోయాయి.

ఇంటర్ రెండో సంవత్సరంలో వాడు చేరిన రోజున నేనొక పని చేశాను. వాడు బడికి వెళ్ళగానే పెట్టెకు కరెంటు అందించే తీగ ఊడబీకి, బీరువాలో నిఘంటువుల వెనకాల దాచేశాను. సాయంత్రం వాడు చూశాడు. ఏమీ అనలేదు. నేనే ఉండబట్టలేక, "పరీక్షలు కానీరా. స్పాట్ వేల్యుయేషన్ డబ్బులు రాగానే దీన్ని కొత్తదానిలా చేయిస్తాను" అని మాటిచ్చాను. పరీక్షలయ్యాయి. ఎంట్రన్సూ అయింది. ఆగస్టులో కాకినాడ వెళ్ళి హాస్టల్లో ఉండబోయేవాడికి రెండు నెలల ముచ్చట కోసం ఇంత ఖర్చేమిటని ఒక పక్క పీకుతూనే ఉంది గాని, మాట మాటే గదా! నా చేతిలో పన్నెండు వేలు పడ్డాయి. తీగ బయటికి తీశాను.

"ఏం కొనాలో చెప్పు, కొనేద్దాం" అన్నాను.

"ముందు ఎక్కడ కుంటుతోందో చూడాలి నాన్నా" అన్నాడు.

తెర మీద ఏవో గీతలు కనిపించే చోటు తెరిచాడు. దాన్ని టాస్క్ మేనేజర్ అంటారట. ఆట మొదలు పెట్టగానే హార్డు డిస్కు నూటికి నూరు దగ్గర నిలబడిపోయింది. ఉన్న నాలుగు జీబీల ర్యామూ నిండిపోయి, మిగిలిన సామాను ఆ డిస్కు నెత్తినే పడుతోంది. ప్రాసెసరు మాత్రం సగం ఖాళీగా కూర్చుంది. నాకు టక్కున అర్థమైంది. మా తరగతిలో కుర్రాళ్ళు ఆటవెలది రాసుకొస్తారు. ఒక్క గణం తప్పితే పద్యమంతా కుంటుతుంది. దాన్ని సరిచెయ్యమంటే ఆ గణం వదిలేసి, బాగున్న పాదంలో పెద్ద పెద్ద సమాసాలు పెట్టుకొస్తారు! కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనిపారేద్దామనుకున్న నేను చెయ్యబోయిందీ అదే.

మా చెల్లెలు మారేడుపల్లిలో ఉంటుంది. ఆ వంకన సికిందరాబాదు వెళ్ళి, పార్కు లేనులో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కాము. కంప్యూటరు సామాను అంతా ఒక్క చోట చూడాలంటే అక్కడే చూడాలి. మొదటి కొట్టతను మా పెట్టె వయసు విని జాలిగా నవ్వి, "దాన్ని పారేసి కొత్తది కట్టించుకోండి సార్" అన్నాడు. 2025 చివరి నెలల నుంచీ కొత్త రకం ర్యామ్ ధర మండిపోయిందనీ, కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లు మెమరీ అంతా ఎత్తుకుపోతున్నాయనీ మావాడు దారిలోనే చెప్పాడు గనక, మేము జవాబు చెప్పకుండా కదిలాము.

రెండో కొట్టులో ఆర్.ఎక్స్. 580 అనే వాడిన కార్డు చూపించారు. రెండు పంకాలతో నిగనిగలాడుతోంది. ధర చూస్తే చౌక. నాకు నోరూరింది. మావాడు తల అడ్డంగా తిప్పాడు.

"ఇది 185 వాట్లు తాగుతుంది నాన్నా. మన కార్డు 60తో సరిపెట్టుకుంటుంది. మన పవర్ సప్లై దీన్ని మొయ్యలేదు."

"450 వాట్లని దాని మీద రాసి ఉందిగా?"

"చేత్తో పట్టుకు చూశావా? దూదిలా ఉంటుంది. దీనికి కావలసిన ఎనిమిది సూదుల తీగే దానికి లేదు."

పైగా ఇలాంటి కార్డులు చాలావాటిని ఈథీరియం అనే డిజిటల్ నాణెం తవ్వకానికి రేయింబవళ్ళు తిప్పారనీ, 2022 సెప్టెంబరులో ఆ పద్ధతి మారిపోగానే సంతకు తోలేశారనీ చెప్పాడు. ముసలి ఎద్దుకు రంగు పూసి కొమ్ములకు కుప్పెలు తొడిగినట్టన్నమాట! వాడాడుకోదలచిన జి.టి.ఎ. 5 అనే ఆటకు, ఆ ఆట చేసినవాళ్ళు సిఫారసు చేసిన కార్డుకూ మన పాతదానికీ పెద్ద తేడా లేదట. ర్యామ్ మాత్రం ఎనిమిది ఉండాలట. ఈ మాట కొట్టతనికి నచ్చలేదు.

చివరకు మూడంటే మూడు వస్తువులు కొన్నాము. 500 జీబీల ఎస్.ఎస్.డి. ఒకటి. వాడిన డి.డి.ఆర్.3 ర్యామ్ ఎనిమిది జీబీలది ఒకటి. మా మదర్‌బోర్డు కొత్తరకాన్ని ఒప్పుకోదు, అసలు గాడిలోనే పట్టదు. మూడోది పవర్ సప్లై. "దీనివల్ల ఆట వేగం పెరుగుతుందా?" అన్నాను. "పెరగదు. కాని చౌకరకం పేలిపోయిందంటే మిగతావాటిని కూడా తీసుకుపోతుంది" అన్నాడు. కంటికి కనబడని వస్తువుకు డబ్బు పెట్టమనే బుద్ధి వాడికి ఎక్కణ్ణుంచి వచ్చిందో! నా వైపునుంచి మాత్రం కాదు.

లెక్క చూద్దామని వాడి చీటీ తీసుకున్నాను. వస్తువుల పేర్లు, ధరలు, కొట్టివేతలు. అడుగున పెన్సిలుతో సన్నగా: "మొత్తం 9,000 దాటకూడదు. 3,000 అమ్మ కళ్ళజోడు."

మా ఆవిడ కళ్ళజోడు కాడ విరిగి రెండు నెలలయింది. దారం కట్టుకుని నెట్టుకొస్తోంది. ఆమె నాకు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ "స్పాట్ డబ్బులు రానీ" అన్నది నేనే. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను. కొట్టతను రసీదు రాస్తున్నంతసేపూ గోడ మీది బొమ్మలు చూస్తూ నిలబడ్డాను.

ఇంటికొచ్చాక శస్త్రచికిత్స. నేను టార్చిలైటు పట్టుకున్నాను. పన్నెండేళ్ళ దుమ్ము బ్రష్షుతో దులిపి, అన్నీ బిగించి మీట నొక్కితే తెర నల్లగా ఉండిపోయింది. తొమ్మిది వేలూ గంగలో కలిసినట్టే అనుకున్నాను. మావాడు కంగారుపడకుండా ర్యామ్ ముక్క ఊడదీసి, దాని పసుపుపచ్చ పళ్ళను నా పెన్సిలు రబ్బరుతో రుద్ది, 'టక్'మని చప్పుడయ్యేదాకా నొక్కాడు. తెర వెలిగింది. అంతకు ముందు నా కాఫీ పూర్తయ్యేదాకా తెరుచుకోనిది ఇప్పుడు అర నిమిషం లోపునే తయారు! విండోస్ 10కి కంపెనీవారి పోషణ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, విండోస్ 11 మా నాలుగో తరం ప్రాసెసరును లెక్కలోకి తీసుకోదు. అంచేత దీనిలో బ్యాంకు పనులు పెట్టుకోవద్దని మాత్రం నన్ను హెచ్చరించాడు.

మూత బిగిస్తూండగా, మానిటరుకున్న తీగా నేను దాచిన తీగా అచ్చం ఒకేలా ఉండడం చూశాను.

"ఒరేయ్, ఇది దీనికి సరిపోతుందా?"

"రెండూ ఒకటే నాన్నా. బజార్లో ఎక్కడైనా దొరుకుతుంది."

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"నువ్వు దాచిన రోజునుంచీ" అన్నాడు స్క్రూ తిప్పుతూ.

ఏడాదంతా బీరువా తాళంచెవి బొడ్లో దోపుకు తిరిగినవాణ్ణి. ఏమనను?

ఆగస్టులో వాడు కాకినాడ వెళ్ళాడు. పెట్టె మాత్రం ఇక్కడే ఉంది. వెళ్ళే ముందు నాకోసం లారీ తోలే ఆటొకటి ఎక్కించి, స్టీరింగు ఎలా తిప్పాలో నేర్పాడు. రాత్రి భోజనాలయ్యాక యూరపులో సరుకులు దింపుతున్నాను. అక్కడ రోడ్డుకు కుడిపక్కన నడపాలి. నలభయ్యారేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? నిన్న కాలే ఊళ్ళో మూడు కార్లను గుద్ది వాడికి ఫోను చేశాను. "పడవెక్కి డోవరు వెళ్ళు నాన్నా, ఇంగ్లండులో మనవైపే నడుపుతారు" అన్నాడు.

మా ఆవిడ కొత్త కళ్ళజోడు సవరించుకుని తెరకేసి చూసి, "ఆ దీపాలేవో ఎర్రగా వెలుగుతున్నాయి, ముందు బండి ఆపండి" అంది.