చెప్పడానికి సాక్ష్యం లేనివాళ్లు

ఫోన్‌లో బైబిల్ యాప్ ఉన్నవాళ్లకి ‘స్ట్రీక్’ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. వరసగా ఎన్ని రోజులు తెరిచామో లెక్క చూపిస్తుంది. మా చర్చి యూత్ వాట్సాప్ గ్రూపులో ఆ స్క్రీన్‌షాట్లు తెగ పెడుతుంటారు. ఒకరిది 100, ఇంకొకరిది 365. కింద చప్పట్ల ఎమోజీలు. నడిచిన అడుగులు, తాగిన నీళ్లు, నిద్రపోయిన గంటలు... ఇప్పుడు ఆ లెక్కల్లోకి ప్రార్థన కూడా వచ్చి చేరింది.

తప్పంతా యాప్ మీదకి తోసేయలేం. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం ఉంటుంది కదా. వీసా వచ్చింది, బ్యాక్‌లాగ్స్ పోయాయి, ప్రమోషన్ వచ్చింది, దేవునికి స్తోత్రం అంటారు. ఆ సంతోషం నిజమైనదే. అడిగింది దొరికినప్పుడు నలుగురిలో చెప్పుకోవడంలో తప్పేముంది? కాకపోతే నా చూపు మైకు పట్టుకోనివాళ్ల మీదకి పోతుంది. వాళ్లలో మా తమ్ముడు ఉన్నాడు మరి. నాలుగేళ్లుగా బ్యాంకు పరీక్షలు రాస్తున్నాడు. ప్రిలిమ్స్ దాటతాడు, మెయిన్స్‌లో ఆగిపోతాడు. చదవక కాదు.

“ఇంకాస్త విశ్వాసంతో ప్రార్థన చెయ్యి బాబూ” అన్నారు చర్చిలో ఒక అంకుల్. రీల్స్‌లో మోటివేషన్ చెప్పేవాళ్ల మాటా అదే. ఇంకాస్త ముందు లే, ఇంకాస్త ఫోకస్ పెట్టు అంటారు. రెండిటి లెక్కా ఒకటే: రాలేదంటే లోపం నీలోనే ఉంది.

తమాషా ఏంటంటే, మాది లూథరన్ చర్చి. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చిన దగ్గర్నుంచీ మా వైపు చెబుతున్న పాఠం, రక్షణ మన కష్టంతో సంపాదించేది కాదు, ఊరికే ఇచ్చేది అని. దాన్నే కృప అంటాం. ఆటోల అద్దాల మీద చూసీ చూసీ ఆ మాట అరిగిపోయింది.

నాకు అది కాస్త అర్థమైంది మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని కూలీల కథ దగ్గర. హైదరాబాద్‌లో నా రూమ్ దగ్గర లేబర్ అడ్డా ఉంది. పొద్దున్నే మేస్త్రీలు వచ్చి కండ ఉన్న కుర్రాళ్లని ముందు ఎక్కించుకుపోతారు. పదింటికి ఇంకా అక్కడే నిలబడి ఉండేది ముసలివాళ్లు, బక్కపలచటివాళ్లు. కథలో సాయంత్రం అయిదింటికి కూడా అలాంటివాళ్లు ఉంటారు. “మమ్మల్ని ఎవరూ పిలవలేదు” అంటారు. యజమాని వాళ్లతో ఒక్క గంట పని చేయించుకుని, పొద్దుటి నుంచి చేసినవాళ్లతో సమానంగా ఒక దేనారం ఇస్తాడు. అంటే ఒక రోజు కూలి. పొద్దుటివాళ్లకి ఒళ్లు మండుతుంది. ఏటా అప్రైజల్ ఫారం నింపేదాన్ని, నిజం చెప్పాలంటే నాకు వాళ్ల కోపమే న్యాయం అనిపిస్తుంది. మా హెచ్ఆర్ అయితే ఆ యజమానిని ఒక్క రోజు కూడా ఉంచరు. కానీ గంట పని చేసినవాడి ఇంట్లోనూ ఆ పూట పొయ్యి వెలగాలి కదా. ప్రభువు నేర్పిన ప్రార్థనలో అడిగేది కూడా ఏ రోజు తిండి ఆ రోజుకే. అందులో ఫైవ్ ఇయర్ ప్లాన్ లేదు.

మా నాయనమ్మ నాలుగింటికి లేచి ప్రార్థన చేస్తుంది. అయిదింటికి లేచి జిమ్‌కెళ్లే మా బావ ఆమెని ‘సీనియర్’ అంటాడు. ఆ సీనియర్ సగంలోనే మంచం పట్టె మీద తలవాల్చి నిద్రపోతుంది. మెలకువొస్తే మళ్లీ మొదట్నుంచీ అందరి పేర్లూ చెబుతుంది. తమ్ముడి పేరు వస్తుంది గానీ పరీక్ష మాట రాదు. ఒకసారి అడిగా, వాడి ఉద్యోగం సంగతి అడగవేంటి అని.

“ఆయనకి తెలీదంటే? వాణ్ణి చూసుకోమంటున్నా, అంతే.”

ఈసారి రిజల్ట్ వచ్చిన ఆదివారం మైకు చేతులు మారుతూ వెనక బెంచీ దాకా వచ్చింది. తమ్ముడు పక్కవాళ్లకి ఇచ్చేస్తాడనుకున్నా. లేచి నిలబడ్డాడు.

“నాకు ఈసారీ రాలేదు. వందనాలు” అని కూర్చున్నాడు.

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలీలేదు. ముందు వరసలో ఎవరో ఒకావిడ మెల్లగా “స్తోత్రం” అంది.