ఒడే సీటు

మేం తండా నుంచి వచ్చి నాగోల్‌లో కాపురం పెట్టినవాళ్లం. మెట్రో స్టేషన్‌లో లిఫ్టు ఉంది, పాప స్ట్రోలర్‌తో ఇబ్బంది లేదు. శంషాబాద్ విమానాశ్రయంలో లెక్క వేరు. తనిఖీ దగ్గర పాపను ఎత్తుకుని స్ట్రోలర్‌ను మడిచి మిషన్‌లో పెట్టాలి. విమానం ఎక్కేముందు దాన్ని సిబ్బందికి ఇచ్చేయాలి. రెండేళ్లలోపు బిడ్డకు టికెట్టున్నా వేరే సీటుండదు, ఒడే సీటు.

అక్కడ అక్కరకొచ్చింది అమ్మ సంచిలో పెట్టిన పాత చీర. మమ్మల్ని వీపున కట్టుకుని ఆమె పత్తి ఏరిన చీర అది. దానితోనే పాపను కట్టుకుని మెట్లెక్కాం. కొందరు వింతగా చూశారు, చూడనిచ్చాం. విమానం కిందికి దిగుతుంటే చెవులు దిబ్బడేసి పాప ఏడ్చింది. ఆ చీర చాటునే పాలు పట్టాం. గుటక వేస్తుంటే దిబ్బడ వదులుతుంది.

స్ట్రోలర్ కొనుక్కోండి, మంచిదే. అమ్మ చీరను మాత్రం ఇంట్లో వదిలిపెట్టకండి.