తిరిగొచ్చిన చెక్కు

మా నాన్న బాపట్ల దగ్గర వ్యవసాయం చేసేవారు. పంట పోయిన ఏడాది వడ్డీ మాత్రం కట్టి నోటు తిరగరాయించేవారు. అప్పిచ్చినాయన కాఫీ తాగి వెళ్లిపోయేవాడు. ఎంతో కొంత చేతిలో పెడితే అప్పు ఆగుతుందన్న నమ్మకం నాకు అక్కణ్ణుంచే వచ్చింది. 2009లో చికాగో శివారు నేపర్‌విల్‌లో నా ఉద్యోగం పోయినప్పుడు నేనూ అదే చేయబోయాను.

ఇంటి అప్పు నాలుగు వాయిదాలు తప్పాక 401(కె) రిటైర్మెంట్ ఖాతాలోంచి 14,000 డాలర్లు తీశాను. నా వయసుకి దానిమీద 10 శాతం జరిమానా, ఆపైన ఆదాయపు పన్ను. రెండు వాయిదాలకి చెక్కు పంపితే తిరిగొచ్చింది. మొత్తం అప్పు ఒకేసారి కట్టమని బ్యాంకు అప్పటికే నోటీసు ఇచ్చేసింది, ఇక కొంచెం కొంచెంగా తీసుకోదట. తీసిన సొమ్మంతా 60 రోజుల్లోగా మరో రిటైర్మెంట్ ఖాతాలో వేసి ఉంటే జరిమానా, పన్ను రెండూ తప్పేవి. ఆ సంగతి తెలిసేసరికి గడువు దాటిపోయింది.

2010లో సమన్లు వచ్చాయి. కవరు చించింది మా ఆవిడే. "ఏమండీ, ఇది మన కౌంటీ కోర్టు కాదు" అంది. బ్యాంకు వేరే రాష్ట్రానిది, అప్పు 75,000 డాలర్లు దాటింది, అందుకని చికాగో డియర్‌బోర్న్ వీధిలోని ఫెడరల్ కోర్టులో దావా వేశారు. 21 రోజుల్లో జవాబు దాఖలు చేయకపోతే నేను ఒప్పుకున్నట్టే లెక్క. మిగిలిన డబ్బులోంచి లాయరు ఫీజు కట్టాను. ఆ ఏడాది నేను సరిగ్గా పెట్టిన ఖర్చు అదొక్కటే.

కోర్టు ఫెడరల్‌ది అయినా ఇంటికి వర్తించేది ఇల్లినాయ్ చట్టమేనని లాయరు చెప్పారు. సమన్లు అందాక ఏడు నెలలు, తీర్పు వచ్చాక మూడు నెలలు, ఈ రెండిట్లో ఏది ఆలస్యమైతే అప్పటిదాకా బాకీ తీర్చి ఇల్లు విడిపించుకోవచ్చు. విడిపించుకునే స్తోమత మాకు లేదు. ఆ వ్యవధిలో కొనేవాళ్లని వెతికాం. ఇంటి ధర అప్పుకంటే తక్కువే పలికింది. వేలంలో పోయినా, మేమే అమ్ముకున్నా, తక్కువపడిన సొమ్ముకి బ్యాంకు మళ్లీ మామీదికి రాగలదు. అందుకే ఆ తేడా వదులుకుంటున్నట్టు బ్యాంకు రాసిచ్చేదాకా మమ్మల్ని సంతకం పెట్టనివ్వలేదు లాయరు. ఆ ఒక్క వాక్యం కోసం ఆరు వారాలు ఆగాం.

అమ్మకం పూర్తయిన రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. ఇల్లు పోయినందుకు ఆయన ఏమీ అనలేదు. "నోటు చించేశారా?" అని మాత్రం అడిగారు.

"చించేశారు నాన్నా."