సగంలో వదిలి లేచిన విస్తరి



ఇది కొంచెం పొడుగు పోస్టు. తీరిక ఉన్నప్పుడు చదవండి. ఎవరినీ ఏ మతంలోకీ పిలవడానికి రాయడం లేదు, ఎవరి మతాన్నీ తక్కువ చేయడానికీ కాదు. మేము చేసిన ఒక తప్పు గురించీ, ఆ తప్పు దాదాపు రెండు వేల ఏళ్ళ కింద ఇంకొకాయన కూడా చేశాడని తెలిశాక మాకు కలిగిన ఆలోచన గురించీ రాస్తున్నాం.

మేము అంటే ముగ్గురం. అన్నదమ్ముల పిల్లలం. ఒకే ఊరు, ఒకే గట్టు. మా నాన్నలు ప్రార్థనకు పోతారు. చిన్నాయన పోడు. ఆయన భూమి పండుగ, కొత్తల పండుగ అన్నీ చేస్తాడు. మొన్న ఎండాకాలం మా తాత చనిపోయాడు. దినాలు చిన్నాయన ఇంటి ముందు పందిరి వేసి చేశారు. ఊరంతా వచ్చింది. మేము ముగ్గురం కూడా బంతిలో కూర్చుని తింటున్నాం. అన్నం, పప్పు, కోడికూర. కోడి మొక్కినదీ కాదు, బలిచ్చినదీ కాదు. మాకు తెలుసు, ఎందుకంటే కోసింది మేమే.

అంతలో పట్నం నుంచి మా సహవాసం పెద్ద ఒకాయన పలకరింపుకి వచ్చాడు. ఆయన ఏమీ అనలేదు. చూశాడు, అంతే. మేము విస్తరి సగంలో వదిలి లేచాం. మమ్మల్ని చూసి మా వెనక ఇంకో నలుగురు లేచారు. చిన్నమ్మ అన్నం తట్ట పట్టుకుని వడ్డిస్తూ వస్తోంది. మా ఖాళీల ముందు ఆగి, "కూర బాగాలేదా బిడ్డా?" అంది. మేము ఏం చెప్పామో ఇప్పుడు గుర్తు లేదు. ఆ ప్రశ్న మాత్రం గుర్తుంది.

హాస్టల్‌కి తిరిగొచ్చాక ఒక ఆదివారం బైబిల్లో గలతీయులకు రాసిన పత్రిక చదువుతున్నాం. రెండో అధ్యాయంలో మేము దొరికిపోయాం.

ముందు ఆ గలతీయులు ఎవరో చెప్పాలి. ఈ గ్రూపులో చాలామందికి ఇది కొత్త సంగతి కావచ్చు. వాళ్ళు గణాలుగా బతికిన మనుషులు. యూరప్‌లోని కెల్టు జాతుల నుంచి విడిపోయి, క్రీ.పూ. 278 ప్రాంతంలో ఇప్పటి టర్కీలోకి దాటి, అంకారా చుట్టూ స్థిరపడ్డారు. తొలిస్తోబోగి, తెక్తోసాగి, త్రోక్మి అని మూడు తెగలు. గ్రీకులు వాళ్ళని అనాగరికులు అన్నారు. పెర్గము రాజు మొదటి అత్తాలు వాళ్ళని ఓడించి, గెలిచిన గుర్తుగా విగ్రహాలు పెట్టించాడు. వాటిలో ఒకదానిదని చెప్పే పాలరాతి నకలు ఇప్పటికీ రోములో ఉంది. గాయంతో నేల మీద కూలబడిన మనిషి, ఒంటి మీద బట్ట లేదు, మెడలో మెలితిప్పిన కడియం. గెలిచినవాడు చెక్కించిన ఓడినవాడి బొమ్మ. మన గురించి కూడా ఎక్కువగా బయటివాళ్ళే రాశారు కాబట్టి ఆ బొమ్మ మాకు కొత్తగా అనిపించలేదు.

క్రీ.పూ. 25లో రోము ఆ ప్రాంతాన్ని గలతీయ అనే రాష్ట్రంగా చేసింది. పౌలు ఉత్తరం ఈ తెగలకే రాశాడా, లేక అదే రాష్ట్రంలో దక్షిణాన ఉన్న ఈకొనియ, లుస్త్ర, దెర్బే ఊళ్ళకు రాశాడా అని పండితుల్లో రెండు మాటలు ఉన్నాయి. ఏదైనా మనకు దగ్గరే. లుస్త్రలో జనం తమ సొంత లుకయోనియ భాషలో కేకలు వేశారని అపొస్తలుల కార్యాల్లో ఉంది. పైన గ్రీకు, దాని పైన రోము, ఇంట్లో మాత్రం తమ భాష.

ఇలాంటి జనానికి పౌలు వచ్చి యేసు గురించి చెప్పాడు. వాళ్ళు నమ్మారు. అతను వెళ్ళిపోయాక ఇంకొందరు వచ్చారు. వాళ్ళూ యేసుని నమ్మినవాళ్ళే. "నమ్మడం మంచిదే, కానీ అది చాలదు. సున్నతి చేయించుకోండి, మోషే ధర్మశాస్త్రం పాటించండి, పండుగ రోజులు, నెలలు మాలాగా లెక్కపెట్టండి. అప్పుడే మీరు అబ్రాహాము పిల్లలు" అన్నారు. పౌలుకి కోపం వచ్చింది. అతని మిగతా ఉత్తరాల్లో మొదట పలకరింపు, తర్వాత దేవునికి కృతజ్ఞత సాధారణంగా ఉంటాయి. ఈ ఉత్తరంలో ఆ కృతజ్ఞత లేదు. నేరుగా గొడవలోకి దిగాడు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. చిన్నప్పటి నుంచి మేము ప్రసంగాల్లో విన్నది, యూదులు ఆచారాల పిచ్చోళ్ళు, మంచి పనులు కూడబెట్టి పరలోకం కొనుక్కోవాలని చూసినవాళ్ళు అని. చదివితే అట్లా లేదు. క్రీ.పూ. 167లో అంతియొకు అనే రాజు వాళ్ళ ధర్మశాస్త్రాన్నే నిషేధించాడు. బిడ్డలకు సున్నతి చేయించిన తల్లుల్ని చంపించారని మక్కబీయుల మొదటి గ్రంథంలో ఉంది. పందిమాంసం తినమంటే తినకుండా ప్రాణం వదిలిన 90 ఏళ్ళ ఎలియాజరు కథ రెండో గ్రంథంలో ఉంది. అంటే సున్నతి, తిండి నియమాలు వాళ్ళకి స్వర్గానికి టికెట్లు కావు. పెద్ద రాజ్యాల మధ్య ఒక చిన్న జాతి తన ఉనికిని కాపాడుకున్న కంచె అది. 1977లో ఇ.పి. సాండర్స్ అనే పండితుడు పౌలు గురించీ, పాలస్తీనా యూదుల మతం గురించీ రాసిన పుస్తకంలో ఇదే వాదించాడు. దేవుడు ముందే దయతో తమని ఎన్నుకున్నాడని యూదులు నమ్మారు, ధర్మశాస్త్రం పాటించడం ఆ బంధంలో నిలబడి ఉండటానికే అని.

మన వేల్పుల్ని, మన పండుగల్ని, మన మాటని కాపాడుకుంటున్న చిన్నాయన లాంటివాళ్ళకి ఈ కంచె సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కాబట్టి ఆ కథలో మనం ఒక్క వైపే లేము. కంచె కట్టుకున్న యూదుల్లోనూ ఉన్నాం, బయటివాడి కంచెలోకి రమ్మంటే బిక్కచచ్చిన గలతీయుల్లోనూ ఉన్నాం.

మరి పౌలు కోపం దేని మీద? కంచె ఉన్నందుకు కాదని మాకు అనిపించింది. అతను కూడా యూదుడే. తల్లి యూదురాలైన తిమోతికి అతనే సున్నతి చేయించాడు. గ్రీసు దేశస్థుడైన తీతుకి చేయించాలని ఒత్తిడి వస్తే మాత్రం ఒప్పుకోలేదు. నీ ఇంటి ఆచారం నువ్వు పాటించు, కానీ దాన్ని ఇంకొకడి మెడ మీద పెట్టి, ఇది లేకపోతే దేవుడు నిన్ను చేర్చుకోడు అనకు. గొడవ ఇదీ.

యెరూషలేములో క్రీ.శ. 49 ప్రాంతంలో పెద్దలు కూర్చుని దీని మీద మాట్లాడారు. అన్యజనులకు సున్నతి అక్కర్లేదని తేల్చారు. విగ్రహాలకు పెట్టినది, రక్తం, గొంతు నులిమి చంపినది, జారత్వం, ఈ నాలుగూ మానమని మాత్రం ఉత్తరం పంపారని అపొస్తలుల కార్యాలు 15లో ఉంది. అక్కడ పేతురు గట్టిగా మాట్లాడాడు. మన పూర్వీకులూ మనమూ మోయలేకపోయిన కాడిని వీళ్ళ మెడ మీద ఎందుకు పెట్టడం అన్నది అతని మాటల సారం.

ఆ పేతురే అంతియొకయలో లేచాడు. ఈ భాగం చదివినప్పుడు మా ముగ్గురిలో ఎవరూ మాట్లాడలేదు. అంతియొకయ అప్పట్లో పెద్ద పట్నం. శిష్యులకు క్రైస్తవులు అనే పేరు మొదట వచ్చింది అక్కడే. యూదులూ అన్యజనులూ కలిసి తినేవాళ్ళు. పేతురు కూడా వాళ్ళతో కూర్చుని తినేవాడు. యెరూషలేము నుంచి, యాకోబు దగ్గర నుంచి కొందరు వచ్చారు. వాళ్ళు ఏమన్నారో పౌలు రాయలేదు. ఒకవేళ ఏమీ అనలేదేమో. పేతురు మెల్లగా వెనక్కి జరిగి వేరే తినడం మొదలుపెట్టాడు. అతన్ని చూసి మిగతా యూదులు జరిగారు. చివరికి బర్నబా కూడా. పౌలు అందరి ముందు అతన్ని నిలదీశాడు. పేతురు ఏం జవాబిచ్చాడో ఉత్తరంలో లేదు. పెద్దాయన, యేసుతో తిరిగినాయన, ఏమీ చెప్పలేక నిలబడి ఉంటాడని మేము అనుకున్నాం. మేమూ అట్లాగే నిలబడ్డాం కదా.

కృప వలన, విశ్వాసం ద్వారా అనే మాట ప్రతి ఆదివారం వింటాం. అది ఎక్కడో సిద్ధాంతం రాసేవాళ్ళ బల్ల మీద పుట్టిందనుకున్నాం. ఆ గొడవ రాజుకున్నది అన్నం దగ్గర. ఎవరి పక్కన ఎవరు కూర్చుని తినాలి అన్న దగ్గర.

పౌలు వాదన సూటిగానే ఉంటుంది. అబ్రాహాము దేవుణ్ణి నమ్మాడు, అది అతనికి నీతిగా లెక్కకు వచ్చింది. ఇది ఆదికాండం 15లో ఉంది. సున్నతి మాట వచ్చేది 17లో. మధ్యలో కనీసం 13 ఏళ్ళు. ధర్మశాస్త్రం వచ్చింది ఇంకో 430 ఏళ్ళకని పౌలు లెక్క. మరి దేవుడు అబ్రాహాముని చేర్చుకున్నప్పుడు అతను ఎవరు? సున్నతి లేనివాడు, ధర్మశాస్త్రం తెలియనివాడు. అంటే ఆ రోజున అతనూ గలతీయుల్లాంటివాడే. రోమీయులకు రాసిన పత్రికలో ఇదే విషయాన్ని కూలితో పోల్చాడు. పని చేసినవాడికి ఇచ్చేది జీతం, అది దయ కాదు.

మనకి దీన్ని తునికాకు కల్లం దగ్గర చెప్పుకోవచ్చు. 50 ఆకులకో కట్ట. కల్లేదారు కట్ట చేతిలోకి తీసుకుని చూస్తాడు. ఆకు తక్కువైనా, చిరుగున్నా పక్కన పడేస్తాడు. ఎంత ఎండలో తెచ్చావు, ఎవరి బిడ్డవి అన్నది లెక్కలో లేదు. అక్కడ అదే న్యాయం కావచ్చు. సాయంత్రం ఇంటికొస్తే అవ్వ జావ పోస్తుంది. ఇవాళ ఎన్ని కట్టలు అమ్మావని అడిగి పోయదు. కల్లంలో నిలబడినట్టు దేవుని ముందు నిలబడొద్దు, ఇంట్లో కూర్చున్నట్టు కూర్చోండి. మాకు అర్థమైన కృప ఇంతే.

అయితే ఏం చేసినా పర్లేదా అని మాలో ఒకరు అడిగారు. అప్పుడూ అడిగారు. యాకోబు పేరుతో ఉన్న పత్రికలో క్రియలు లేని విశ్వాసం చచ్చినదే అని గట్టిగా ఉంది, అదే అబ్రాహామునే సాక్ష్యంగా తెచ్చి. లూథర్‌కి ఇది మింగుడు పడక 1522లో దాన్ని గడ్డి పత్రిక అన్నాడు. మాకు మాత్రం ఇద్దరిదీ కలుస్తుందనిపించింది. యాకోబు తిట్టేది, ఆకలితో ఉన్నవాడికి మంచి మాట చెప్పి పంపించేసేవాణ్ణి. పౌలు కూడా స్వేచ్ఛని సొంత ఇష్టానికి వాడుకోవద్దని, పొరుగువాణ్ణి ప్రేమించడంలో ధర్మశాస్త్రమంతా ఉందని అదే ఉత్తరంలో రాశాడు. యెరూషలేము పెద్దలు బీదల్ని మర్చిపోవద్దని అడిగారనీ, తాను దానికి ముందే సిద్ధమనీ చెప్పాడు. అవ్వ జావ తాగినవాడు రేపు అవ్వకి కట్టెలు తెస్తాడు. జావ కోసం కాదు, అవ్వ కోసం.

ఇప్పుడు మన సంగతి. మన ఊళ్ళల్లో కూడా కొత్త సున్నతులు ఉన్నాయి. కమ్మలు తీసేయాలి, పూలు పెట్టుకోకూడదు, రేల పాట పాడకూడదు, కొమ్ము కట్టకూడదు, ఫలానా ఇంట్లో తినకూడదు. వీటిలో కొన్ని ఎవరి మనస్సాక్షిని బట్టి వాళ్ళు పాటించుకుంటే మాకు అభ్యంతరం లేదు. సారా మానేసి బాగుపడిన ఇళ్ళు మా ఊళ్ళోనే ఉన్నాయి, దాన్ని కాదనం. కానీ ఇవి పాటిస్తేనే నువ్వు దేవుని బిడ్డవి అన్నప్పుడు అది గలతీకి వచ్చినవాళ్ళ మాటే. ఇంకో వైపు కూడా చూడాలి. ప్రార్థనకు పోయినవాడు ఆదివాసీయే కాదు, వాడిని పండుగ బంతిలో కూర్చోనివ్వం అనేవాళ్ళు ఈ గ్రూపులోనూ ఉన్నారు. రెండూ ఒకటే విస్తరిని రెండు వైపుల నుంచి లాగడం.

పట్నం నుంచి వచ్చిన ఆయన మీద తప్పు తోయడం తేలిక. ఆయన ఒక్క మాట అనలేదు. లేచింది మేము. యేసుని నమ్మామని చెప్పుకుంటూ ఆయన చూపుని నమ్మాం.

దసరా సెలవులకి ఊరికి పోయినప్పుడు నేరుగా చిన్నాయన ఇంటికే పోయాం. ముందే అనుకున్న మాటలు నోట్లోంచి రాలేదు. "చిన్నమ్మా, ఆ రోజు కూర బాగానే ఉంది" అన్నాం. ఆమె కాసేపు మా మొహాలు చూసింది. లోపలికి పోయి మూడు దొప్పల్లో జావ పోసుకొచ్చింది. ఎందుకు లేచారు అని అడగలేదు. మేము అడగకముందే పోసింది.

మా నాన్నలు ఇంకా ఆ ఇంట్లో కూర్చుని తినలేదు. వాకిలి దాకా వస్తున్నారు, చిన్నాయనతో నిలబడి మాట్లాడి పోతున్నారు. వాళ్ళని నిలదీసే అర్హత మాకు లేదు, మేము పౌలు కాదు. మేము లేచినవాళ్ళం, మళ్ళీ పోయి కూర్చున్నవాళ్ళం. మీ ఊళ్ళో కూడా ఇట్లా సగంలో వదిలేసిన విస్తరి ఏదైనా ఉంటే, ఈసారి సెలవులకి పోయినప్పుడు ముందు ఆ ఇంటికి పోండి.

జోహార్.